దసరా రోజున కటిక ఉపవాసం: కొంకణ్ యూదుల పండుగలు, వాళ్ల సమాజమందిరం

2024లో దసరా అక్టోబరు 12న వచ్చింది. మన ఇళ్లలో ఆయుధ పూజలు, జమ్మి ఆకులు, పిండివంటలు. అదే రోజు ముంబయిలో, ఠాణేలో, అలీబాగ్‌లో ఉండే యూదులు ముందురోజు సాయంత్రం నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా తెల్లబట్టలు కట్టుకుని ప్రార్థనలో కూర్చున్నారు. వాళ్లకది యోమ్ కిప్పూర్, తెలుగు బైబిల్ మాటల్లో ప్రాయశ్చిత్త దినం. 2025లోనూ అంతే: అక్టోబరు 2న మనకు విజయదశమి, వాళ్లకు ఉపవాసం. 2026కు వచ్చేసరికి ఈ జత విడిపోతుంది. వాళ్ల ఉపవాసం సెప్టెంబరులోనే అయిపోతే, మన దసరా సుమారు నెల తర్వాత వస్తుంది.

ఇది కాకతాళీయం కాదు. యూదుల పండుగలు ఇంగ్లీషు క్యాలెండరులో ఎందుకు అటూ ఇటూ జరుగుతాయో చాలామందికి అర్థం కాదు గానీ, పంచాంగం చూసే అలవాటున్న మనకు అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. వాళ్లదీ చాంద్రమానమే. నెలకు ఇరవై తొమ్మిదో ముప్పయ్యో రోజులు, ఏడాదికి సుమారు 354. సూర్యుడితో పోలిస్తే ఏటా పదకొండు రోజుల లోటు. ఆ లోటు పూడ్చడానికి మనం అధికమాసం పెడతాం, వాళ్లూ పెడతారు. రంజాన్ మాత్రం ఎండాకాలంలోనూ చలికాలంలోనూ తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే ఇస్లామిక్ క్యాలెండరు ఈ సర్దుబాటు చేయదు.

తేడా అంతా ఎప్పుడు సర్దుతారన్నదే. మనకు సూర్య సంక్రమణం లేని చాంద్రమాసం ఏది పడితే అది అధికం అవుతుంది. 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. యూదులకు పంతొమ్మిదేళ్ల చక్రం ఉంది. అందులో 3, 6, 8, 11, 14, 17, 19వ సంవత్సరాల్లో, ఎప్పుడూ అదార్ అనే నెలనే రెండుసార్లు చేస్తారు. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన వాళ్ల 5784వ సంవత్సరాన్ని 19తో భాగిస్తే శేషం 8, అంటే అధికమాసం ఉన్న ఏడాది. 2023లో అధిక శ్రావణం వల్ల మన దసరా వాళ్ల ఉపవాసం కన్నా నెల ఆలస్యంగా వచ్చింది, 2024 ఫిబ్రవరిలో వాళ్లు తమ అధిక అదార్ వేసుకుని మనల్ని అందుకున్నారు. ఇద్దరూ తీరుస్తున్నది ఒకే అప్పు, వాయిదాల తేదీలే వేరు.

అదారే ఎందుకంటే, దాని వెంటనే వచ్చే నీసాన్‌లో పస్కా పండుగ ఉంది. పస్కా వసంతంలోనే రావాలన్నది ధర్మశాస్త్రం మాట. ఏడాది వెనకబడుతోందనిపిస్తే పస్కా నెల ముందరే ఒక నెల అడ్డం పెడతారు. ఇక రోజు మొదలయ్యేది సూర్యోదయంతో కాదు, సూర్యాస్తమయంతో. శనివారపు విశ్రాంతి దినం శుక్రవారం దీపాలు వెలిగించే వేళకే వచ్చేస్తుంది, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనిపిస్తే వెళ్తుంది. ఇంకో సరదా నియమం ఉంది: వాళ్ల ఉగాది అయిన రోష్ హషానాను ఆది, బుధ, శుక్రవారాల్లో రానివ్వరు, పడితే ఒక రోజు జరుపుతారు. బుధ, శుక్రవారాల్లో వస్తే పదో నాటి ఉపవాసం శనివారానికి అటో ఇటో ఆనుకుని, పొయ్యి వెలిగించకూడని రోజులు రెండు వరుసగా వస్తాయి. శాస్త్రం రాసినవాళ్లకు వంటింటి కష్టం తెలుసన్నమాట.

ఇదంతా పుస్తకాలు, లెక్కలు, పండితులు ఉన్నవాళ్ల సంగతి. అవేవీ లేకుండా పోతే పండుగ ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే, కొంకణ్ తీరంలో ఉంది.

అక్కడి యూదులను బెనే ఇజ్రాయెల్ అంటారు, ఇజ్రాయెల్ సంతానం అని. వాళ్లు చెప్పుకునే కథ ప్రకారం ఎప్పుడో వాళ్ల పూర్వికుల ఓడ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన పగిలిపోయింది. ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు ఒడ్డుకు చేరారు. పుస్తకాలన్నీ సముద్రం పాలు. బతుకుతెరువుకు గానుగ పట్టారు. ఊళ్లవాళ్లు వీళ్లను శనివార్ తేలీ అన్నారు, అంటే శనివారం గానుగ కట్టని తెలికులవాళ్లు. ఇంటిపేర్లు ఊళ్లను బట్టి దివేకర్, పేణ్‌కర్, కేహీమ్‌కర్ అయ్యాయి. భాష మరాఠీ అయింది. హీబ్రూలో మిగిలింది దాదాపు ఒకే వాక్యం, ‘ఇశ్రాయేలూ, వినుము’ అని మొదలయ్యే షెమా. పుట్టుకకైనా పెళ్లికైనా చావుకైనా అదే మంత్రం.

దావీద్ రహాబీ అనే ఆయన వచ్చి వీళ్లు యూదులేనా కాదా అని పరీక్ష పెట్టిన కథ ఇంకొకటి ఉంది. ఆడవాళ్లకు కలగలిపిన చేపలు ఇచ్చి వండమన్నాడట. వాళ్లు పొలుసూ రెక్కా లేనివాటిని తీసి పక్కన పెట్టేశారట. ఆయన వచ్చింది వెయ్యేళ్ల కిందటా, 18వ శతాబ్దంలో కొచ్చి నుంచా అన్నదానిమీద చరిత్రకారులకు ఇంకా తగాదానే. నాకు ఆ తేదీ కన్నా పరీక్ష జరిగిన చోటు ముఖ్యం అనిపిస్తుంది. ఆయన ఎవర్నీ వేదం చెప్పమనలేదు, వంటింట్లోకి వెళ్లి చూశాడు.

ఎందుకంటే వాళ్ల పండుగలు దాక్కుని ఉన్నది అక్కడే. వాటి మరాఠీ పేర్లు చూడండి. సణ్ అంటే పండుగ. రోష్ హషానా ‘నవ్యాచా సణ్’, కొత్తదనపు పండుగ. ఆ తర్వాత కొద్ది రోజులకు ‘ఖీరీచా సణ్’, అంటే పాయసం పండుగ. పూరిమ్ ‘హోళీచా సణ్’. పూరిమ్ అదార్ పున్నమి దగ్గర, హోలీ ఫాల్గుణ పున్నమికి. 2025లో రెండూ మార్చి 14నే వచ్చాయి. పక్కింటివాళ్లు రంగులు చల్లుకుంటున్న రోజున మన పండుగకు వేరే పేరెందుకనుకుని ఉంటారు.

పస్కా పేరు ఇంకా విచిత్రం: ‘అనాశీ ఢాకాచా సణ్’, పుల్లటి రసం కుండ మూసే పండుగ. పస్కా ఎనిమిది రోజులూ పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదన్నది అసలు నియమం. పూర్వికులు ఐగుప్తు (ఈజిప్టు) నుంచి పారిపోయే తొందరలో పిండి పులిసే వ్యవధి లేకపోయిందన్న జ్ఞాపకం అది. ఆ కథ కొంకణ్‌లో చెరిగిపోయింది. కొంకణ్ మనిషికి గోధుమ రొట్టెతో పనేముంది, తినేది అన్నం. అయినా ఏడాదిలో ఆ కొన్ని రోజులు పులిసినదేదో ఇంట్లో తెరిచి ఉండకూడదన్న సంగతి మాత్రం చేతులకు గుర్తుంది. దాంతో పులుపు కుండకు మూత పడింది. మన పాత ఇళ్లలో తరవాణి కుండ ఉండేది కదా, ఏడాదికి ఒకసారి దానికి గుడ్డ కట్టేసి, ఎందుకంటే ‘మా అత్తగారు కట్టేవారు’ అని చెప్పే కోడల్ని ఊహించుకోండి.

యెరూషలేము దేవాలయం కూలిన రోజు, ఆవ్ నెల తొమ్మిదో తేదీ, ‘బిర్డ్యాచా సణ్’ అయింది. బిర్డా అంటే అనపగింజలు నానబెట్టి మొలకలెత్తించి, పొట్టు వలిచి వండే కూర. చిత్తూరు వైపు పితికిపప్పు తిన్నవాళ్లకు దాని పనీ రుచీ రెండూ తెలుసు. ఉపవాసానికి ముందు అరిటాకులో బిర్డా. దేవాలయం ఎవరిదో, ఎవరు కూల్చారో తెలియకపోయినా ఆ పూట కూర మాత్రం మారలేదు.

యోమ్ కిప్పూర్ ‘దర్‌ఫాళ్నీచా సణ్’, తలుపులు మూసుకునే పండుగ. తెల్లబట్టలతో ఇంట్లో తలుపు వేసుకుని ఉపవాసం ఉండేవాళ్లు, ఆ రోజు ఇతరులను తాకేవాళ్లు కాదు. చనిపోయిన పెద్దలు ముందురోజు ఇంటికి వస్తారని, మర్నాటి ‘శిళా సణ్’ నాడు తిరిగి వెళ్తారని నమ్మకం. శిళా అంటే చద్ది. ఆ రోజు దానధర్మాలు చేసేవాళ్లు. మహాలయ పక్షం ముగిసిన మర్నాడే నవరాత్రులు మొదలుపెట్టే మనకు, పెద్దలు ఆ రోజుల్లోనే ఎందుకు వస్తారో వివరించక్కర్లేదు. అయితే మనల్ని చూసి వాళ్లు నేర్చుకున్నారని తేల్చేయడం కూడా తొందరపాటే. రోష్ హషానా నుంచి యోమ్ కిప్పూర్ దాకా పదిరోజులూ మనిషి లెక్కలు తేలే రోజులని ఎక్కడి యూదులైనా నమ్ముతారు.

హనుక్కా అనే దీపాల పండుగ మాత్రం వీళ్లకు తెలియదు. ఆ పండుగకు కారణమైన సంఘటన క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో జరిగింది కనుక, అంతకు ముందే వీళ్ల పూర్వికులు బయల్దేరి ఉంటారని కొందరి వాదన. వినడానికి బాగుంది గానీ, ఇంత మర్చిపోయినవాళ్లు ఇంకో పండుగ కూడా మర్చిపోయి ఉండకూడదా?

ఇన్ని శతాబ్దాలూ వీళ్లకు ప్రార్థనాలయం లేదు. మొదటిది 1796లో బొంబాయిలో వచ్చింది. కట్టించింది సామ్యూల్ ఎజెకియెల్ దివేకర్, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తాన్‌కు బందీగా చిక్కి, ప్రాణాలతో బయటపడితే గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని చెబుతారు. ఖురాన్‌లో ఉన్న బనీ ఇస్రాయీల్ వీళ్లేనని టిప్పు తల్లి గుర్తించి వదిలిపెట్టించిందన్నది కథలోని మలుపు. ఆ మందిరం పేరు షార్ హరహమీమ్, కరుణా ద్వారం. చుట్టుపక్కల జనం దాన్ని జూనీ మశీద్, అంటే పాత మసీదు అన్నారు. ముంబయి లోకల్ రైళ్లు ఆగే మస్జిద్ స్టేషన్‌కు ఆ పేరు దీన్నుంచే వచ్చిందని అంటారు. రోజూ ఎన్ని లక్షల మంది ఆ బోర్డు చదివి ముస్లింల మసీదే అనుకుంటారో!

గుడి అని నేను అలవాటు కొద్దీ రాశాను గానీ, సినగాగ్ గుడి కాదు. యూదులకు దేవాలయం అంటే ఒక్కటే, యెరూషలేములో ఉండేది. క్రీస్తుశకం 70లో రోమన్లు దాన్ని కూల్చాక ఇక బలులు లేవు, వాటిని అర్పించే యాజకుడి పనీ లేదు. మిగిలింది చదువు, ప్రార్థన, కూడి కూర్చోవడం. హీబ్రూలో బేత్ క్నెస్సెత్ అంటే కూడుకునే ఇల్లు. తెలుగు బైబిల్ తర్జుమా చేసినవాళ్లు ‘సమాజమందిరము’ అన్నారు, అంతకన్నా సరైన మాట దొరకదు.

లోపల విగ్రహం ఉండదు. మన దేశంలో యెరూషలేము పడమటి దిక్కు కనుక పడమటి గోడకు పెద్ద అలమరా ఉంటుంది, దాన్ని హేఖాల్ అంటారు. అందులో తోలు మీద చేత్తో రాసిన తోరా, అంటే ధర్మశాస్త్రం, చుట్టలు. ఒక్కో చుట్టలో 304,805 అక్షరాలు, ఒక్కటి చెడినా సరిదిద్దేదాకా ఆ చుట్టలో చదవకూడదు. మధ్యలో కటకటాలున్న వేదిక, చదివేది అక్కడి నుంచి. అలమరా ముందు ఆరకుండా ఒక దీపం. ఆడవాళ్లు మేడమీదో పక్కనో కూర్చుంటారు. అలీబాగ్‌లో మాగెన్ అబోత్ అనే మందిరం ఇలాంటిదే, 1848లో కట్టి 1910లో తిరగకట్టారు. అది ఉన్న సందు పేరే ఇజ్రాయెల్ ఆళీ. బెనే ఇజ్రాయెల్ వాళ్లలో పాతకాలం నుంచీ రబ్బీలు, అంటే మతపండితులు, లేరు. ప్రార్థనలు పాడి నడిపించే హజ్జానే పెళ్లీ చేయిస్తాడు, అంత్యక్రియలూ చూస్తాడు. మొదట్లో ఆ విద్య నేర్పడానికి కొచ్చి యూదులు వచ్చారు.

మందిరం రావడంతో పండుగల స్వరూపం మారిపోయింది. హీబ్రూ పేర్లు వచ్చాయి, ప్రార్థన పుస్తకాలు మరాఠీలో అచ్చయ్యాయి. 1874లో పుణెలో అచ్చయిన పస్కా పుస్తకంలో చీరలు కట్టుకున్న ఆడవాళ్లు నేలమీద కూర్చుని పులియని రొట్టెలు చేస్తున్న బొమ్మ ఉంది. మర్చిపోయిన హనుక్కా తిరిగొచ్చింది. తలుపులు మూసుకునే పండుగకు జనం తలుపులు తెరుచుకుని బయటకు వచ్చి, పగలంతా మందిరంలో కూర్చోవడం మొదలుపెట్టారు. అయితే తమాషా ఏమిటంటే, ఆ రోజు చిట్టచివరి ప్రార్థన పేరు నెయీలా, అంటే మూసివేత. స్వర్గద్వారాలు మూసుకునే వేళ అన్నమాట. ప్రార్థన అయ్యాక పొట్టేలు కొమ్ము ఊదితే ఉపవాసం ముగిసినట్టు. పాత మరాఠీ పేరులోని ‘మూయడం’ అందులోంచి మిగిలిన తునకో, ఉట్టి తలుపుల సంగతో చెప్పలేం.

పుస్తకాలు వచ్చినా మారనిది ఒకటుంది, మలీదా. ప్రపంచంలో ఇంకెక్కడి యూదులూ చేయనిది. పెళ్లికి ముందు, కొత్త ఇంట్లోకి వెళ్లినప్పుడు, పిల్లవాడు దూరదేశం బయల్దేరేటప్పుడు, మొక్కు తీరినప్పుడు చేస్తారు. పెద్ద పళ్లెంలో అటుకులు తడిపి పొడిపొడిగా ఉంచి, పచ్చికొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, జీడిపప్పు, కిస్‌మిస్ కలుపుతారు. చుట్టూ ఐదు రకాల పళ్లు, పైన ఒక గులాబీ. ఏలీయా ప్రవక్తను పిలుస్తూ ‘ఎలియాహూ హన్నాబీ’ పాట పాడి, ఒక్కో పండు మీదా హీబ్రూలో దీవెన చదువుతారు. ఇక్కడ చిన్న చిక్కు: ఖర్జూరానికి ‘చెట్టు ఫలం సృష్టించినవాడా’ అనాలి, అరటిపండుకు మాత్రం ‘నేల ఫలం’ అనాలి. గెల కొట్టాక పడిపోయే అరటి అసలు చెట్టే కాదని శాస్త్రం. మన రైతుకు చెబితే తలాడిస్తాడు.

అలీబాగ్ దగ్గర ఖండాలా అనే ఊళ్లో ఒక బండ ఉంది. ఏలీయా రథం ఆకాశానికి లేచింది అక్కడి నుంచేనని, దానిమీది గీతలు ఆ చక్రాల గుర్తులని నమ్మకం. శెవాత్ నెల పున్నమికి, అంటే మన మాఘమాసం ప్రాంతంలో, ముంబయి నుంచి బస్సులు కట్టుకుని వెళ్లి అక్కడ మలీదా చేస్తారు. మలీదా దేవాలయ కాలపు ధాన్యార్పణ జాడ అని కొందరు పండితులంటారు. లేవీయకాండం తెలుగులో ఆ అర్పణకు వాడిన మాట నైవేద్యము. ఇంకొందరు పేరును చూపించి ముస్లిం పొరుగువాళ్ల నుంచి వచ్చిందంటారు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు రొట్టె చిదిమి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసేవాళ్లకు, పీర్ల పండుగ మలీద తిన్నవాళ్లకు ఆ మాట కొత్తకాదు. ఫారసీలో దానికి నలపడం అని అర్థం. రెండు వాదాల్లో ఒకటే నిజం కావాలని ఏమీ లేదు. అర్పణ ఒకచోటు నుంచి, పేరు ఇంకోచోటు నుంచి, అటుకులు కొంకణ్ పొలంలోంచి వచ్చి ఉండొచ్చు.

వంట సంగతులు ఇంకా ఉన్నాయి. మాంసాన్నీ పాలనూ కలపకూడదన్న నియమం వల్ల మటన్ కూరలో పెరుగు పడదు, కొబ్బరిపాలు పడతాయి. శుక్రవారం రాత్రి దీవెనకు ద్రాక్షసారా కావాలి, అది దొరకని ఊళ్లలో నల్ల కిస్‌మిస్ నానబెట్టి పిసికి షర్బత్ తీశారు. ఇప్పుడు బజారులో వైన్ సీసాలున్నా చాలా ఇళ్లలో ఆ షర్బతే. పస్కాకు యూరప్ యూదులు బియ్యం ముట్టుకోరు, వీళ్లు హాయిగా అన్నం తింటారు.

మందిరాలు బాగున్నాయి, మనుషులే తగ్గారు. 1948 ప్రాంతంలో సుమారు 20 వేలమంది ఉన్న బెనే ఇజ్రాయెల్‌లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. అక్కడ స్వాగతం ఏమంత సాఫీగా లేదు. 1960ల మొదట్లో వీళ్ల పెళ్లిళ్లకు అక్కడి రబ్బీలు వంశం ఆరా తీయడం మొదలుపెట్టారు. ధర్నాలు జరిగాయి. 1964లో అన్నివిధాలా పూర్తి యూదులేనని ఇజ్రాయెల్ ప్రభుత్వం ప్రకటించాక గొడవ సద్దుమణిగింది. ఇప్పుడు మన దేశం మొత్తమ్మీద యూదులు నాలుగైదు వేలు. మహారాష్ట్ర 2016లో వీళ్లకు మైనారిటీ హోదా ఇచ్చింది.

ఎవరు యూదులన్న ఇదే ప్రశ్న తెలుగునేల మీద కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అని తమను పిలుచుకునే కొన్ని పదుల కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి, అంతకుముందు బాప్టిస్టు సంఘంలో ఉండి, తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పి 1990ల మొదట్లో సొంత సమాజమందిరం పెట్టుకున్నారు. శనివారం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకున్నారు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇజ్రాయెల్ రబ్బీల వ్యవస్థ వాళ్లను గుర్తించలేదు. దాన్ని ఉట్టి వలస ఆశ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. కులం మెట్టు దిగి నిలబడటానికి మనుషులు వెతుక్కునే దారుల్లో ఇదొకటని, దాన్ని అంత తేలిగ్గా కొట్టిపారేయకూడదని నేననుకుంటాను.

గుర్తింపు ఎవరిచ్చినా, మందిరం నడవాలంటే కావాల్సింది ఒక అంకె. పదమూడేళ్లు దాటిన మగవాళ్లు పదిమంది. దాన్ని మినియాన్ అంటారు. పదిమంది లేకుండా అలమరాలోంచి తోరా చుట్ట తీసి సభలో చదవకూడదు. తండ్రి పోయిన కొడుకు పదకొండు నెలలు చెప్పాల్సిన కద్దీష్ ప్రార్థన చెప్పకూడదు. అంటే దుఃఖంలో ఉన్నవాడికి రోజూ ఇంకో తొమ్మిదిమంది తోడు రావాలి. సంప్రదాయ మందిరాల్లో ఆడవాళ్లను ఈ లెక్కలోకి తీసుకోరు, ఇళ్లలో పండుగను ఇన్నాళ్లూ మోసింది వాళ్లే అయినా. అలీబాగ్ లాంటి ఊళ్లో మిగిలింది కొద్ది కుటుంబాలే. పండుగ పూట ముంబయి నుంచి బంధువులు వస్తే బెంగ లేదు, మామూలు శనివారం పొద్దునే టెన్షన్.

లెక్కపెట్టడానికీ ఒక పద్ధతుంది. మనుషులను ఒకటి, రెండు అని లెక్కించకూడదని పాత నిషేధం. మన కళ్లాల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా ‘లాభం’ అంటారు, ఏడు అనకుండా ‘ఆరున్నొక్కటి’ అంటారు కదా, అలాంటిదే. హీబ్రూలో సరిగ్గా పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటుంది, ‘నీ జనులను రక్షింపుము’ అని మొదలయ్యేది. హజ్జాన్ గుమ్మం వైపు ఒక కన్నేసి ఉంచి, బెంచీల మీది ఒక్కో మనిషికీ ఒక్కో మాట అప్పగించుకుంటూ పోతాడు. హోషియా, ఎత్, అమ్మేఖా... ఎనిమిదో మాట దగ్గర బెంచీలు అయిపోతే వాక్యం అక్కడే ఆగుతుంది. ఎవరో ఒకరు ఫోన్ తీసుకుని సందులోకి వెళ్లే పనిలేదు, శనివారం ఫోన్ ముట్టుకోకూడదు. కుర్రాణ్ణి పంపి పక్క వీధిలో తలుపు తట్టిస్తారు.